లైవ్ ఎంతమంది చూశారు? లాగ్ ఫైల్ చదివి జవాబు చెప్పే పద్ధతి

పెళ్లిళ్ల సీజన్ వస్తే అనకాపల్లి ఫొటో స్టూడియోల్లో పనిచేసే కుర్రాళ్లకు కంటినిండా నిద్ర ఉండదు. ఆల్బమ్, వీడియో, డ్రోన్‌తో పాటు ఇప్పుడు లైవ్ లింకు కూడా ప్యాకేజీలో కలిసిపోయింది. డాలస్‌లో ఉన్న అక్కా బావా, దుబాయ్‌లో ఉన్న చిన్నాన్న, సెలవు దొరక్క హైదరాబాద్‌లో ఆగిపోయిన స్నేహితులు జీలకర్ర బెల్లం పెట్టే ఘడియను ఆ లింకులోనే చూస్తారు. ఉగాదికి ముందురోజు కొత్త అమావాస్యకు నూకాంబిక అమ్మవారి జాతర మొదలైందంటే లోకల్ ఛానెళ్ల వాళ్లు కెమెరాలు పట్టుకుని గుడి ఉన్న గవరపాలెం దారి పడతారు. లైవ్ మధ్యలో నగల దుకాణం ప్రకటన ఒకటి, కోచింగ్ సెంటర్ ప్రకటన ఒకటి.

అంతా అయ్యాక డబ్బులిచ్చేవాళ్లు అడిగేది ఒకటే. "ఎంతమంది చూశారు తమ్ముడూ?"

సర్వర్ ప్యానెల్ చూసినవాడు లక్షా ఇరవై వేలు అంటాడు. ఫేస్‌బుక్ పేజీ చూసినవాడు మూడు వేలు అంటాడు. లైవ్ నడుస్తున్నప్పుడు తెర మీద కనిపించిన అంకె గుర్తున్నవాడు నూట పది అంటాడు. ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. ఒక్కొక్కరు ఒక్కో దాన్ని లెక్కపెట్టారు, అంతే. వినేవాడికి మాత్రం ఎవరిని నమ్మాలో తెలియదు. చివరికి ముగ్గురినీ నమ్మడు.

స్ట్రీమింగ్ పనిలో ఉన్నవాళ్లు, ఆ పనిలోకి రావాలనుకుంటున్నవాళ్లు మొదట వంటబట్టించుకోవలసిన సంగతి ఇదే. అంకె చెప్పే ముందు, దేన్ని లెక్కపెట్టి ఆ అంకె తెచ్చారో ఒక వాక్యంలో చెప్పగలగాలి. కెమెరా పట్టేవాళ్లు, మిక్సర్ నడిపేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. ఆ వాక్యం చెప్పగలిగినవాళ్లు తక్కువ. ఆ వాక్యానికి కావలసిన సరుకంతా లాగ్ ఫైల్‌లో ఉంటుంది.

సర్వర్ రాసుకునే చిట్టా

స్ట్రీమింగ్ సర్వర్ ఏదైనా, తన దగ్గరికి వచ్చిన ప్రతి అభ్యర్థననూ ఒక లైనుగా రాసుకుంటుంది. ఇంటర్నెట్ రేడియో, గుడి నుంచి ఆడియో లైవ్ లాంటి వాటికి ఎక్కువగా వాడే ఉచిత సర్వర్ ఐస్‌కాస్ట్. దాని లైను ఇలా ఉంటుంది. అసలు ఫైల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది, ఇక్కడ మన లిపిలో రాస్తున్నాను. అంకెలన్నీ ఉదాహరణకే.

203.0.113.25 [29/మార్చి/2025:13:42:10 +0000] "గెట్ /లైవ్" 200 14400000 "ఆండ్రాయిడ్ ప్లేయర్" 900

ఎడమ నుంచి చదవండి. మొదటిది ఐపీ చిరునామా. రెండోది తేదీ, సమయం. మూడోది ఏ స్ట్రీమ్ అడిగారో. 200 అంటే అడిగింది దొరికిందని. అక్కడ 404 ఉంటే దొరకలేదని. ఆ తర్వాతిది పంపిన డేటా, బైట్లలో. దాని పక్కన వినేవాడి యాప్ లేదా బ్రౌజర్ తన గురించి తాను చెప్పుకున్న పేరు, అంటే యూజర్ ఏజెంట్. చివర ఉన్న 900, ఆ కనెక్షన్ ఎన్ని సెకన్లు నిలిచిందో చెబుతుంది. అంటే 15 నిమిషాలు.

ఈ లైను నిజం చెబుతోందా లేదా అన్నది మీరే సరిచూసుకోవచ్చు. స్ట్రీమ్ 128 కేబీపీఎస్‌లో పోతోందనుకోండి. బైటుకు 8 బిట్లు, 128 కేబీపీఎస్ అంటే సెకనుకు 128000 బిట్లు. కాబట్టి 14400000 బైట్లను 8తో గుణించి 128000తో భాగిస్తే 900 వస్తుంది. బైట్ల నుంచి వచ్చిన సమయం, చివర రాసిన సమయం దగ్గరదగ్గరగా ఉంటే సరే. బైట్లు బాగా తక్కువగా ఉన్నాయంటే కనెక్షన్ తెరిచి ఉంది గానీ పాట సరిగా అందలేదన్నమాట. "మీ లైవ్ ఆగి ఆగి వచ్చిందండీ" అని ఫిర్యాదు వస్తే మొదట చూడవలసింది ఇక్కడే.

ఇంకో సంగతి కొత్తవాళ్లు తరచూ మరిచిపోతారు. ఐస్‌కాస్ట్ ఈ లైనును వినేవాడు వెళ్లిపోయాక రాస్తుంది. కాబట్టి అందులో ఉన్న సమయం వినడం ముగిసిన సమయం. మొదలైన సమయం కావాలంటే 900 సెకన్లు వెనక్కి వెళ్లాలి. ఇంకా వింటూనే ఉన్నవాళ్లు ఆ ఫైల్‌లో కనిపించనే కనిపించరు. కార్యక్రమం నడుస్తుండగా ఫైల్ తెరిచి "ఎవరూ లేరు" అని కంగారు పడకండి.

హిట్లు లక్షా ఇరవై వేలు, చూసినవాళ్లు వంద

వీడియో లైవ్ సంగతి వేరు. ఇప్పుడు ఎక్కువ వీడియో హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలో పోతుంది. అంటే వీడియోను చిన్న చిన్న ముక్కలు చేసి ఒక్కొక్క ముక్కనూ విడిగా పంపుతారు. ముక్క నిడివి 6 సెకన్లు ఉండాలని ఆపిల్ సిఫారసు. ఆ లెక్కన ఒక్క మనిషి ఒక్క నిమిషం చూస్తే 10 ముక్కలు అడుగుతాడు. గంట చూస్తే 600. వందమంది గంటసేపు చూస్తే 60,000. కొత్త ముక్క వచ్చిందా అని ప్లేయర్ మధ్యమధ్యలో జాబితాను కూడా అడుగుతుంటుంది. అదీ దాదాపు అన్నిసార్లే. మొత్తం లక్షా ఇరవై వేలు.

మొదట్లో మనవాడు చెప్పిన లక్షా ఇరవై వేలు అదే. ఆ అంకెలో వందమందే ఉన్నారు.

మన అనకాపల్లి బెల్లం మార్కెట్ యార్డులో గేటు దగ్గర ఎన్ని బండ్లు వచ్చాయో ఒక లెక్క ఉంటుంది, కాటా మీద ఎంత తూగిందో ఇంకో లెక్క ఉంటుంది. రైతుకు డబ్బు పడేది కాటా లెక్క మీదే. స్ట్రీమింగ్‌లో హిట్లు, అంటే సర్వర్‌కు వచ్చిన అభ్యర్థనలు, గేటు లెక్క. చూసిన నిమిషాలు కాటా లెక్క.

కాబట్టి హెచ్‌ఎల్‌ఎస్ లాగ్‌లో లైన్లను లెక్కపెట్టకూడదు, వాటిని మనిషివారీగా మూట కట్టాలి. ఒకే ఐపీ, ఒకే యూజర్ ఏజెంట్ నుంచి వరసగా వచ్చిన ముక్కలన్నీ ఒక సెషన్. వేరు వేరు ముక్కలెన్నో లెక్కపెట్టి 6తో గుణిస్తే చూసిన సెకన్లు వస్తాయి. ఒకటి రెండు నిమిషాలకు మించి ఖాళీ వస్తే కొత్త సెషన్ అనుకోవచ్చు. ఆ గడువు ఎంత పెట్టుకుంటారో మీ ఇష్టం. ఒకసారి పెట్టుకున్నాక నెలనెలా మార్చకండి, పాత రిపోర్టుతో పోల్చడానికి వీలుండదు. ప్లేయర్ పేజీ మీరే తయారుచేసుకుంటే, పేజీ తెరిచిన ప్రతివాళ్లకూ లింకు చివర ఒక గుర్తు సంఖ్య తగిలించండి. అప్పుడు ఐపీ మీద ఆధారపడే బాధ చాలావరకు తప్పుతుంది.

వెబ్‌సైట్ల కోసం చేసిన గణాంక సాఫ్ట్‌వేర్లతో ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఏడబ్ల్యూస్టాట్స్ లాంటివి ఒకాయన సైట్‌లో ఎంతసేపు ఉన్నాడన్నది మొదటి అభ్యర్థనకూ చివరి అభ్యర్థనకూ మధ్య తేడాతో లెక్కిస్తాయి. ఐస్‌కాస్ట్‌లో రెండు గంటలు విన్నవాడికి కూడా ఒక్కటే లైను ఉంటుంది. మొదటిదీ అదే, చివరిదీ అదే. తేడా సున్నా. అందుకే ఆ సాఫ్ట్‌వేర్ రెండు గంటల శ్రోతను "30 సెకన్ల లోపు" వరసలో పడేస్తుంది. ఆ పట్టిక చూసి "మనది ఎవరూ వినడం లేదు" అని కార్యక్రమాన్నే ఆపేసే ప్రమాదం ఉంది.

పన్నెండు లైన్లు విప్పి చూద్దాం

గంటసేపు సాగిన ఒక భజన కార్యక్రమం ఆడియో లైవ్‌కు లాగ్‌లో పన్నెండు లైన్లు వచ్చాయనుకుందాం. లెక్క తేలిగ్గా ఉండడానికి చిన్న ఉదాహరణ తీసుకుంటున్నాను.

ఒక ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి 900 సెకన్ల లైను, 20 సెకన్ల ఖాళీ తర్వాత అదే ఫోన్ నుంచి 300 సెకన్ల లైను. అమెరికాలోని ల్యాప్‌టాప్ ఒకటి, 3600 సెకన్లు. వేరే ఫోన్ నుంచి వరసగా మూడు లైన్లు: 4, 3, 2 సెకన్లు. సర్వర్ బతికే ఉందా అని మధ్యమధ్యలో చూసిపోయే బాట్ నుంచి రెండు లైన్లు, ఒక్కోటి 1 సెకను. ఒకే ఐపీ నుంచి రెండు లైన్లు, ఒకటి ఆండ్రాయిడ్ 1200 సెకన్లు, రెండోది ఐఫోన్ 600 సెకన్లు. మీ ఆఫీసు కంప్యూటర్ నుంచి ఒకటి, కార్యక్రమం ముందూ వెనకా కలిపి 7200 సెకన్లు. తప్పు లింకు నొక్కినవాళ్ల 404 లైను ఒకటి.

ఏమీ తీసేయకుండా కూడితే ఏమొస్తుంది? 12 అభ్యర్థనలు, 7 ఐపీలు, 13,811 సెకన్లు. అంటే దాదాపు 3 గంటల 50 నిమిషాలు. "ఏడుగురు, నాలుగు గంటలు" అని రిపోర్టు రాసేయవచ్చు. అలా రాసేవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు వడపోద్దాం. 404 తీసేస్తే 11. బాట్ లైన్లు రెండూ తీసేస్తే 9. ఆఫీసు కంప్యూటర్ తీసేస్తే 8. నిమిషం కూడా నిలవని మూడు లైన్లు పక్కన పెడితే 5. మొదటి ఫోన్ రెండు లైన్లూ సిగ్నల్ తెగి మళ్లీ కలిసినవే కాబట్టి ఒక సెషన్‌గా కలిపితే 4. మిగిలిన సెకన్లు 6,600, అంటే 1 గంట 50 నిమిషాలు. మొదటి అంకెలో సగానికి పైగా మీ ఆఫీసులో ఎవరూ వినకుండా మోగిన స్పీకరే!

సగటున ఒక్కొక్కరు 27 నిమిషాల 30 సెకన్లు విన్నారు. కానీ ఆ సగటును పైకి లాగింది అమెరికా ల్యాప్‌టాప్ ఒక్కటే. నలుగురినీ వరసలో నిలబెడితే 600, 1200, 1200, 3600. మధ్య విలువ 1200, అంటే 20 నిమిషాలు. సగటు, మధ్య విలువ బాగా దూరంగా ఉన్నాయంటే కొద్దిమంది చాలాసేపు ఉన్నారన్నమాట. రిపోర్టులో రెండూ ఇవ్వండి.

పక్కన పెట్టిన 4, 3, 2 సెకన్ల ఫోన్‌ను అక్కడే వదిలేయవద్దు. ప్రేక్షకుల లెక్కలో అది లేదు. సాంకేతిక లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ఎవరో మూడుసార్లు ప్రయత్నించారు, మూడుసార్లూ రాలేదు. అలాంటి లైన్లన్నీ ఒకే రకం ఫోన్ నుంచి వస్తున్నాయంటే లోపం మన స్ట్రీమ్‌లో ఉంది. ఒకే సమయంలో అందరి నుంచీ వచ్చాయంటే మండపంలో మన అప్‌లోడ్ ఆగిపోయింది. వచ్చే పెళ్లికి ఇంకో సిమ్ పెట్టాలో, బిట్‌రేట్ తగ్గించాలో ఆ లైన్లే చెబుతాయి.

నిమిషం లోపు వాటిని వదిలేయాలన్న నియమం నేను పెట్టింది కాదు. పాడ్‌కాస్ట్ డౌన్‌లోడ్లను లెక్కించడానికి ఐఏబీ అనే అంతర్జాతీయ ప్రకటనల సంస్థ రాసిన మార్గదర్శకాల్లో కనీసం ఒక నిమిషం ఆడియో అందాలని ఉంది. ఐపీ, యూజర్ ఏజెంట్ రెండూ ఒకటే అయితే 24 గంటల్లో ఒక్కసారే లెక్కించాలనీ ఉంది. లైవ్‌కు అచ్చంగా అదే వర్తించదు గానీ, క్లయింటు అడిగితే చూపించడానికి ఒక ఆధారం ఉన్నట్టు.

ఐపీ ఒకటి, మనుషులు ఎందరో

ఐపీ చిరునామాను మనిషిగా లెక్కపెట్టడం ఈ పనిలో పెద్ద బోల్తా. మొబైల్ కంపెనీలు వందలాది ఫోన్లను ఒకే బయటి ఐపీ వెనక పెడతాయి. అక్కడ పదిమంది ఒక్కరుగా కనిపిస్తారు. ఇంట్లో వైఫై మీద చూస్తూ బయటికి నడిచి మొబైల్ డేటాలోకి మారినవాడు ఇద్దరుగా కనిపిస్తాడు. ఐపీవీ6 వాడే ఫోన్లు గోప్యత కోసం చిరునామాలు మార్చుకుంటూ ఉంటాయి. ఒక తప్పు లెక్కను తగ్గిస్తుంది, ఇంకోటి పెంచుతుంది. రెండూ సరిగ్గా చెల్లుకు చెల్లవుతాయని ఆశపడకండి.

పరికరం కూడా మనిషి కాదు. డాలస్‌లో అక్క టీవీకి పెట్టి చుట్టుపక్కల తెలుగువాళ్లను పిలిచి ఉంటుంది. లాగ్‌లో అది ఒక్క లైనే. కాబట్టి రిపోర్టులో "నలుగురు విన్నారు" అనకండి, "నాలుగు పరికరాల్లో విన్నారు" అనండి. చిన్న తేడాలా ఉంటుంది గానీ, రేపు ఎవరైనా నిలదీస్తే నిలబడే మాట రెండోది.

ఊరి విషయంలో ఇంకా జాగ్రత్త. ఐపీని బట్టి ఊరు చెప్పే పట్టికలు దేశం వరకూ బాగానే చెబుతాయి. జిల్లా దగ్గరికి వచ్చేసరికి తడబడతాయి. అనకాపల్లిలో మొబైల్ మీద చూసినవాడు విశాఖపట్నం లెక్కలోకో, హైదరాబాద్ లెక్కలోకో పోవడం మామూలే. "అనకాపల్లి, ఎలమంచిలి, చోడవరంలో ఎంతమంది చూశారో విడివిడిగా ఇవ్వండి" అని దుకాణదారు అడిగితే, లాగ్ నుంచి అది రాదని ముందే చెప్పండి. కావాలంటే వేరే దారి ఉంది. ప్రకటనలో "లైవ్ చూశామని చెప్పండి" అని ఒక మాట పెట్టించి, దుకాణం కౌంటర్ దగ్గర లెక్క రాయించండి. అదీ కొలతే.

సుప్రభాతం నిన్నటి లెక్కలో పడుతుంది

పైన చూపించిన లైనులో సమయం చివర +0000 ఉంది. అంటే సర్వర్ గడియారం అంతర్జాతీయ సమయంలో నడుస్తోంది. మన సమయం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. 13:42 అంటే మనకు రాత్రి 7:12. విన్నది 900 సెకన్లు కాబట్టి మొదలుపెట్టింది 6:57కి.

గంట మాత్రమే మారితే ఫరవాలేదు, తేదీ కూడా మారుతుంది. అద్దెకు తీసుకున్న చాలా సర్వర్లలో రోజు మారేది మన తెల్లవారుజామున 5:30కి. గుడి నుంచి 5 గంటలకు సుప్రభాతం లైవ్ ఇస్తే అది సర్వర్ లెక్కలో ముందురోజు 23:30. శనివారం సుప్రభాతం విన్నవాళ్లంతా శుక్రవారం ఖాతాలోకి వెళ్లిపోతారు. రిపోర్టు తీసే ముందు సమయాన్ని మన కాలంలోకి మార్చుకోవడం అలవాటు చేసుకోండి. గడియారం సరిగ్గా ఉండడం చట్టం పరంగా కూడా అవసరమే. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో కంపెనీలు, సర్వీసు ప్రొవైడర్లు తమ సర్వర్ల గడియారాలను నిర్దేశిత ప్రభుత్వ గడియారాలతో సరిపోల్చుకోవాలని, లాగ్‌లను 180 రోజులు దాచాలని ఉంది.

సమయం సరిగ్గా ఉంటే ప్రకటన లెక్క కూడా తేలుతుంది. నగల దుకాణం ప్రకటన 7:05కి పడిందనుకోండి. 7:05 కన్నా ముందు మొదలై 7:05 తర్వాత ముగిసిన సెషన్లు ఎన్నో చూడండి. ఆ ప్రకటన వచ్చినప్పుడు లింకు తెరిచి ఉన్న పరికరాలు అవే. ప్రకటన ఇచ్చినవాళ్లకు మొత్తం వ్యూస్ కంటే ఈ చిన్న అంకె ఎక్కువ పనికొస్తుంది.

ఒక్కో వేదికది ఒక్కో కొలత

యూట్యూబ్, ఫేస్‌బుక్‌లలో లైవ్ ఇస్తే మీ చేతికి లాగ్ రాదు. వాళ్లు లెక్కకట్టి ఇచ్చిన పట్టికే వస్తుంది. అందుకే వాళ్ల నియమం తెలుసుకోవాలి. ఫేస్‌బుక్ వీడియో వ్యూకు చాలాకాలం వాడిన గీత 3 సెకన్లు. యూట్యూబ్ షార్ట్స్‌లో 2025 మార్చి 31 నుంచి వీడియో ఆడడం మొదలైతే చాలు వ్యూ పడుతుంది. ఆ రోజు నుంచి చాలామంది షార్ట్స్ వ్యూస్ పెరిగాయంటే ప్రేక్షకులు పెరిగారని కాదు, గీత కిందికి జరిగింది.

పెద్ద కంపెనీలు కూడా ఇలాగే మార్చుకుంటూ వచ్చాయి. నెట్‌ఫ్లిక్స్ ఒకప్పుడు సినిమా 70 శాతం చూస్తేనే లెక్కలో వేసుకునేది. 2020 మొదట్లో 2 నిమిషాలు చాలన్నది. కొత్త లెక్కలో అంకెలు సగటున 35 శాతం ఎక్కువ వస్తాయని తానే చెప్పింది. 2021లో చూసిన గంటలు ప్రకటించడం మొదలుపెట్టింది. 2023 జూన్ నుంచి ఆ గంటలను సినిమా నిడివితో భాగించి వ్యూస్ అంటోంది. మూడు గంటల తెలుగు సినిమాకూ గంటన్నర సినిమాకూ మధ్య ఈ పద్ధతి కొంత న్యాయం చేస్తుంది. మీ పెళ్లి లైవ్‌కూ వాడవచ్చు. మొత్తం చూసిన నిమిషాలను కార్యక్రమం నిడివితో భాగిస్తే, ఏ నిమిషంలోనైనా సగటున ఎన్ని పరికరాలు ఉన్నాయో వస్తుంది. మన భజన ఉదాహరణలో 110ని 60తో భాగిస్తే 1.8.

పేపర్లలో మోగేది మాత్రం ఏకకాల గరిష్ఠం, అంటే ఒకే క్షణంలో ఉన్నవాళ్ల అత్యధిక సంఖ్య. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగుతుండగా ఇస్రో యూట్యూబ్ లైవ్‌లో 80 లక్షల మందికి పైగా ఒకేసారి ఉన్నారు. అదే ఏడాది నవంబర్ 19న ప్రపంచకప్ ఫైనల్‌కు డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో ఆ అంకె 5.9 కోట్లకు చేరింది. ఆ అంకె ఒక్క క్షణానిది. మొత్తం చూసినవాళ్ల సంఖ్య అంతకన్నా ఎక్కువే ఉంటుంది. గరిష్ఠం ముఖ్యంగా పనికొచ్చేది సర్వర్ సిద్ధం చేసుకోవడానికి. 2.5 ఎంబీపీఎస్ వీడియోను 300 మంది ఒకేసారి చూస్తే 750 ఎంబీపీఎస్ లైను కావాలి. ఒక్కొక్కరు గంట చూస్తే 1.125 జీబీ ఖర్చు. కొటేషన్ రాసే ముందు ఈ గుణకారం చేసుకోకపోతే, లాభమంతా బ్యాండ్‌విడ్త్ బిల్లుకే పోతుంది.

సీడీఎన్ (మన బదులు వీడియోను చాలామందికి పంచే సర్వర్ల సేవ) వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. సీడీఎన్ ఒక ముక్కను మీ సర్వర్ నుంచి ఒకసారి తీసుకుని వేలమందికి పంచుతుంది. మీ సర్వర్ లాగ్‌లో కనిపించేది సీడీఎన్ ఒక్కటే. లెక్క కావాలంటే వాళ్ల దగ్గర నుంచి లాగ్ తెప్పించుకోవాలి. ఆ వసతి ఉందో లేదో ఒప్పందం కుదుర్చుకునే ముందే అడగండి.

రిపోర్టు ఒక పేజీ చాలు

క్లయింటుకు ఇచ్చే కాగితంలో ఈ వరసలు ఉంటే సరిపోతుంది:

1. కార్యక్రమం పేరు, తేదీ, మొదలైన, ముగిసిన సమయాలు, మన కాలంలో.
2. నిమిషానికి పైగా చూసిన పరికరాలు.
3. మొత్తం చూసిన గంటలు.
4. ఒక్కో సెషన్ సగటు, మధ్య విలువ.
5. ఏకకాల గరిష్ఠం, అది ఏ సమయంలో వచ్చిందో.
6. ప్రకటన పడిన నిమిషంలో ఉన్న పరికరాలు.
7. దేశాలవారీ విభజన. ఊళ్లు వద్దు.
8. లెక్క కట్టిన పద్ధతి: ఏవి తీసేశాం, ఎంత ఖాళీకి కొత్త సెషన్ అనుకున్నాం.

ఎనిమిదోది చిన్న అక్షరాల్లో కింద పెట్టి దాచకండి. యూట్యూబ్, ఫేస్‌బుక్ అంకెలు ఉంటే విడి వరసల్లో ఇవ్వండి. వేర్వేరు గీతలతో కొలిచిన వాటిని కలిపి కూడవద్దు.

అంకె చిన్నదిగా ఉంటే చెప్పడానికి మొహమాటం వేస్తుంది, నిజమే. "మూడు వేలన్నారు కదా, నూట పదేటి?" అని అడిగితే ఇలా చెప్పి చూడండి: "మూడు వేలసార్లు కొన్ని సెకన్లు కనిపించిందండీ. మీ ప్రకటన పడే టైముకి నూట పది పరికరాల్లో లైవ్ తెరిచి ఉంది. వచ్చేసారి వీటిని రెండొందలు చేద్దాం." వ్యాపారం తెలిసినవాడికి రెండో మాటలో సరుకు కనిపిస్తుంది.

డబ్బిచ్చి వ్యూస్ కొనే దారి జోలికి పోకండి. లాగ్ చదవడం వచ్చినవాడికి అది ఇట్టే దొరికిపోతుంది. వందల సెషన్లు ఒకే సెకనులో మొదలవుతాయి, ఒకే నిడివికి ఆగిపోతాయి, యూజర్ ఏజెంట్ అన్నిటిదీ ఒకటే ఉంటుంది. టీవీ రంగంలో ఏం జరిగిందో చూశాం. కొన్ని ఇళ్లలో మీటర్లు పెట్టి కట్టే రేటింగ్‌లలో అక్రమాలు జరిగాయన్న ఆరోపణలతో 2020 అక్టోబర్‌లో ముంబై పోలీసులు కేసు పెట్టారు. ఆ రేటింగ్‌లు కట్టే సంస్థ బార్క్ వార్తా ఛానెళ్ల రేటింగ్‌లు ఆపేసింది. అవి మళ్లీ వచ్చింది 2022 మార్చిలో. ఆరోపణతో సంబంధం లేని ఛానెళ్లు కూడా అన్నాళ్లూ అంకె లేకుండానే ప్రకటనలు అమ్ముకోవలసి వచ్చింది.

ఎవరు చూశారో చెప్పకండి

పెళ్లి లైవ్ అయ్యాక కొందరు ఇంకో ప్రశ్న అడుగుతారు. "మా పెద్ద బావ పెళ్లికి రాలేదు. లింకైనా తెరిచాడా లేదా చూసి చెప్పు బాబూ." నవ్వుతూ కాదనండి. ఐపీ నుంచి బావగారు తేలరు. లింకు చివర పెట్టిన గుర్తు సంఖ్య వల్ల తేలినా చెప్పకూడదు. చూసినవాళ్ల వివరాలు వాళ్లవి, వీడియోకు డబ్బు కట్టినవాళ్లవి కావు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. దానికి తగ్గట్టు ఇప్పటినుంచే అలవాట్లు మార్చుకోవడం మేలు. లాగ్ ఫైల్‌ను వాట్సాప్‌లో పంపకండి. క్లయింటుకు ఇచ్చే కాగితంలో మొత్తాలే ఉండాలి, ఐపీలు ఉండకూడదు.

ఏం నేర్చుకోవాలి, ఎక్కడ పనికొస్తుంది

దీనికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌లో ఐస్‌కాస్ట్ ఎక్కించి ఒక పాట స్ట్రీమ్ చేయండి. మీ ఫోన్లో, అమ్మ ఫోన్లో వినండి. వైఫై ఆపి మళ్లీ పెట్టండి. తప్పు లింకు ఒకటి కావాలనే నొక్కండి. తర్వాత లాగ్ తెరిచి, చేసిన ప్రతి పనికీ ఏ లైను పడిందో గుర్తుపట్టండి. మొదట ఎక్సెల్‌లో లేదా లిబర్‌ఆఫీస్‌లో వడపోయండి. అది చేయి తిరిగాక లినక్స్‌లో గ్రెప్, ఆక్, సార్ట్ అనే మూడు ఆదేశాలు నేర్చుకోండి. లక్షల లైన్ల ఫైల్ ఎక్సెల్‌లో తెరుచుకోవడానికే మొరాయిస్తుంది, ఇవి నిమిషాల్లో తేల్చేస్తాయి.

అవసరం ఉన్న చోట్లు తక్కువేం కాదు. ఆకాశవాణి 240కి పైగా రేడియో సేవలను న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో లైవ్ ఇస్తోంది. 2008లో మొదలైన తిరుమల తిరుపతి దేవస్థానాల ఛానెల్ ఎస్వీబీసీ ఉంది. 2020లో వచ్చిన ఆహాతో పాటు ఈటీవీ విన్ లాంటి తెలుగు ఓటీటీలు ఉన్నాయి. ఇవి కాక జిల్లాకో పది లోకల్ ఛానెళ్లు, దేవస్థానాలు, కోచింగ్ సంస్థలు, ఆన్‌లైన్ పాఠాలు చెప్పే కళాశాలలు. లైవ్ ఇచ్చే ప్రతిచోటా ఎంతమంది చూశారన్న ప్రశ్నకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు మీరు చేసిన ఒక రిపోర్టును పేర్లూ ఐపీలూ తీసేసి వెంట తీసుకెళ్లండి. "వ్యూస్ ఎన్ని తెచ్చారు?" అని అడిగితే అంకె చెప్పి ఆగకండి. 12 లైన్లు 4 ఎలా అయ్యాయో కాగితం మీద గీసి చూపించండి. అవతల కూర్చున్నవాళ్లకు ఈ పని తెలిసుంటే తర్వాతి ప్రశ్న జీతం గురించే ఉంటుంది. తెలియకపోతే, అక్కడ మీ అవసరం మరీ ఎక్కువ.